పదిమందికి మా ఇంటి నడిమి అన్నం

డిసెంబరు ఐదో తేదీ మొదలుకొని జనవరి మూడో తేదీ వరకు, ముప్పై రోజులపాటు, మా ఇంట్లో వడ్డించిన ప్రతి కంచాన్నీ నేను తూచాను. నవ్వినవాళ్ళు నవ్వారు. మా ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నా కొడుకు తన ఆఫీసులో ఆ సంగతి చెప్పుకొని అందరినీ నవ్వించాడట. పుదుచ్చేరి మూలకుళంలో మా వీధివాళ్ళు ఒకరిద్దరు నాకు వయసు మీరిందని తేల్చారు. నాకు డెబ్బై నాలుగేళ్ళు. వయసు మీరిన మాట నిజం. తూచిన మాట కూడా నిజం. మళ్ళీ అవసరం పడితే మళ్ళీ తూస్తాను. ఎందుకు తూచానో మాత్రం ఎవరూ చివరిదాకా వినలేదు కనుక ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

మేము దూదేకులవాళ్ళం. మా తాత నెల్లూరు వైపునుంచి దూది ఏకే విల్లు భుజాన వేసుకొని పుదుచ్చేరికి వచ్చాడు. ఏ సంవత్సరమో చెప్పే కాగితం మా దగ్గర లేదు కనుక రాయను. అయిదు పూటలా నమాజు చేస్తాం, ఇంట్లో తెలుగు మాట్లాడతాం. ఈ రెండూ ఒక మనిషిలో ఇమడవని నాకు చెప్పినవాళ్ళు రెండు వైపులా ఉన్నారు. వాళ్ళ అభిప్రాయాలను నేను ఎక్కడా నమోదు చేసుకోలేదు.

మా నాయన పరుపులు కుట్టి మమ్మల్ని పెంచాడు. నేను చదువుకొని ప్రభుత్వ గణాంక విభాగంలో చేరి ముప్పై మూడేళ్ళు పనిచేశాను. నాకంటే తొమ్మిదేళ్ళు చిన్నదైన చెల్లెలు నాయన పనినే పట్టుకుంది. అరియాంకుప్పంలో రెండు గదుల ఇల్లు. ముందు గదిలో దూది ఏకే కరెంటు మిషను, వెనక గదిలో కాపురం. భర్త పోయిన తరువాత బూరుగు దూది కొనడం, ఏకడం, గలీబుల్లో కూరి కుట్టడం అన్నీ ఆమె ఒక్కతే చేసుకొంది. ఆమెకు చదువు రాదు. నాకు తెలుగు రాత నాయన నేర్పాడు. నా చిన్న డైరీలన్నీ తెలుగులోనే రాసుకుంటాను. మా ఇంట్లో మిగిలినవాళ్ళకు తమిళం, ఇంగ్లీషు తప్ప చదవడం రాదు కాబట్టి నా లెక్కలను పరీక్షించేవాళ్ళు ఇన్నేళ్ళూ ఎవరూ లేకపోయారు. ఇది నాకు అప్పట్లో సౌకర్యంగానే ఉండేది.

పదహారేళ్ళ కిందట, ఏ ఇల్లు పేదదో ఏది కాదో తేల్చడానికి మా విభాగం ఇంటింటి లెక్క తీసింది. అరియాంకుప్పంలో చెల్లెలు ఉండే వీధి నా వంతుకు వచ్చింది. ఆ ఒక్క ఇంటిని ఇంకొక ఉద్యోగికి అప్పగించమని పైఅధికారిని అడగవచ్చు. నేను అడగలేదు. తోబుట్టువు ఇల్లయినా సరే పేదరికపు గీతను వెంట్రుకవాసి జరపనని నలుగురికీ తెలియాలనుకున్నాను. ఫిబ్రవరి తొమ్మిదో తేదీ పొద్దున పది గంటలకు ఆమె గుమ్మంలో నిలబడి, గడచిన ముప్పై రోజుల్లో ఎన్ని పరుపులు కుట్టావని అడిగాను. చెప్పింది. రాసుకున్నాను. పన్నెండుతో హెచ్చించాను. వచ్చిన మొత్తం గీతకు పైన పడింది. మూడు నెలలకు ఆమె ఎర్ర రేషను కార్డు పోయి పసుపు కార్డు వచ్చింది. పేదవాళ్ళకు వచ్చే బియ్యం ఆమెకు ఆగిపోయాయి.

అక్కడితో ఆగితే సగం నష్టమే. ఆ ఏడాది రంజాను చివర, పండుగకు ముందు పేదలకిచ్చే ఫిత్రా బియ్యం కోసం ఆమె తమ వీధి మసీదుకు వెళ్ళింది. కమిటీ పెద్ద జాబితాలోంచి ఆమె పేరు కొట్టేశాడు. "మీ సొంత అన్ననే నువ్వు పేదదానివి కాదని సర్కారుకు రాసిచ్చినాడు. ఆయన ఒక్క గింజ ఎక్కువ తక్కువ రాసే మనిషి కాదు," అన్నాడట. నన్ను మెచ్చుకుంటూనే అన్నాడు. ఆ రోజునుంచి ఆ వీధిలో మా చెల్లెలు ఆదాయం దాచి పేదరికం నటించిన మనిషి అయింది.

నేను పండుగ మరునాడు ఆమె ఇంటికి వెళ్ళాను. గుమ్మంలోనే మొదలుపెట్టింది.

"ఏంది అన్నా నువ్వు జేసింది?"

"లెక్క ప్రకారం వచ్చింది. నేను జేసిందేముంది."

"వానల నెలలు యాడ పెట్టినావు నీ లెక్కలో?"

"నువ్వు చెప్పిందే రాసినా."

"చెప్పిందంతా రాసినావా? వానల్లో మిషను తిరగదని జెప్పలే?"

"ఆ కాగితంలో దానికి గడి లేదు."

ఆమె లోపలికి వెళ్ళి కంచంలో అన్నం పెట్టుకొని వచ్చి నా ముందు ఉంచింది. "తిను. ఎర్ర కార్డు బియ్యంలో ఇదే కడాపటి వంట. నీ లెక్కకు ఇదీ రుజువు జూసుకో," అంది.

నేను లేచి, "వల్లాహి, ఇంక నీ ఇంట్లో మెతుకు ముట్టను," అన్నాను. అల్లా పేరుమీద, తెలిసి, ఉద్దేశించి చేసిన ఆన. నోరు జారిన మాట కాదు. ఆ తరువాత పదహారేళ్ళు పెళ్ళిళ్ళలో, చావుల్లో, ఇతరుల ఇళ్ళలో ఎదురుపడ్డాం. ఆమె ఇంట్లో నేను నీళ్ళు కూడా తాగలేదు.

ఆన ఎలా తప్పిందో చెబుతాను. నవంబరు ఆఖరులో తుపాను కబురు వచ్చింది. చెల్లెలి వీధి పల్లంలో ఉంటుంది.

"పొయ్యి పిల్చుకొని రాండి," అంది మా ఆవిడ.

"నేను ఆన పెట్టుకున్న సంగతి నీకు తెలుసు."

"తినననే గదా ఆన. పిలవననా? ఆమె నీళ్ళలో ఉంటే మీరు ఈడ కూచోని వాన కొలుస్తా ఉంటారా?"

మధ్యాహ్నం రెండున్నర బస్సులో వంతెన దాటి వెళ్ళాను. చెల్లెలు రానంది. ఎనిమిది దూది మూటలు నేలమీద ఉన్నాయి. "దూది తడిస్తే నువ్వు సాకుతావా నన్ను?" అంది. ఇద్దరం కలిసి మూటలను మంచంమీదికి, మంచాన్ని ఇటుకలమీదికి ఎక్కించేసరికి సాయంత్రం అయింది. అప్పటికి వీధిలో మోకాటిలోతు నీళ్ళు. బస్సులు నిలిచిపోయాయి.

నాకు చక్కెర జబ్బు. ఏడున్నరకు మాత్ర వేసుకోవాలి, వేసుకుంటే తినాలి. మాత్ర చేతిలో పట్టుకొని కూర్చున్నాను. ఆమె జావలాంటి గంజన్నం, ఎండుచేపల వేపుడు తెచ్చి పెట్టింది.

"ఆన నీది, అన్నం నాది," అంది. "మాత్ర ఏసుకొని ఈడ పడిపోతే నిన్ను ఏ గడిలో రాయాల నేను?"

తిన్నాను. వాన రెండు రోజులు వదలలేదు. మొత్తం అయిదు పూటలు తిన్నాను. ఆ రెండు రోజులూ నా ఎదుట మిషను టార్పాలిన్ కింద ముడుచుకొని ఉంది. ముందు గది అంతా తేమ దూది వాసన. ఎప్పుడు ఆపావని అడిగితే, అక్టోబరు రెండో వారంలో ఆపానని, మళ్ళీ పొంగల్ దగ్గర పడితేనే అని చెప్పింది. విన్నాను, చూశాను. విన్నదానిని, చూసినదానిని నా పాత లెక్క పక్కన పెట్టి చూసుకోవాలని అప్పుడు తోచలేదు.

తిరిగి వచ్చిన మరునాడు మా మసీదులో నమాజు చేయించే హజ్రత్ దగ్గరికి వెళ్ళాను. ఆయన నాకంటే ముప్పై ఏళ్ళు చిన్నవాడు, తమిళంలో మాట్లాడతాడు. ఆయన మాటలను తెలుగులో రాస్తున్నాను.

"అయిదు పూటలు తిన్నాను. అయిదు కఫ్ఫారాలా?" అని అడిగాను.

"ఆన ఎన్ని సార్లు పెట్టారు?"

"ఒక్కసారి."

"అయితే కఫ్ఫారా ఒక్కటే, పెద్దాయనా. తప్పిన ఆనకు పరిహారం. మిగిలిన నాలుగు పూటలు మీ చెల్లెలి బరకత్, అల్లా ఆమె చేతికిచ్చిన దీవెన అనుకోండి."

మా ఇంట్లో, మా వీధిలో అందరికీ తెలిసిన పరిహారం మూడు రోజుల ఉపవాసం. ఆన తప్పామా, మూడు రోజాలు ఉన్నామా, దులుపుకున్నామా అన్నట్టు చేస్తారు. హజ్రత్ అది పొరపాటన్నాడు. ముందు పది మంది పేదలకు అన్నం పెట్టాలి, లేదా బట్టలివ్వాలి. ఆ శక్తి లేనివాడికే ఉపవాసం. పెన్షను వచ్చేవాడు ఉపవాసం వెనక దాక్కోకూడదు. అదే పది మందికి రెండు పూటలు, కడుపునిండా పెట్టాలి. ఏమి పెట్టాలంటే, మన ఇంటివాళ్ళకు మనం పెట్టేదానిలో నడిమి రకం.

"నడిమి రకం అంటే?"

"పండుగనాటిదీ కాదు, జ్వరంనాటిదీ కాదు. సగటున మీరు తినేది."

నలభై ఏళ్ళుగా నమాజు చదువుతూ ఇంత సూటిగా నా వృత్తిని తాకిన ఆజ్ఞను నేను వినలేదు. సగటు అనే మాటను జనం ఎంత విచ్చలవిడిగా వాడతారో నాకు తెలుసు. సగటు అంటే ఊహ కాదు. అది తూచి, కూడి, భాగించి తేల్చవలసినది.

నా కొడుకు అప్పటికే ఫోను చేతిలోకి తీసుకున్నాడు. "పది బిర్యానీ ప్యాకెట్లు, రెండు పూటలకు ఇరవై. అరగంటలో బస్టాండు దగ్గర పంచేస్తారు నాయనా. ఫోటో కూడా పంపుతారు," అన్నాడు.

"మనం బిర్యానీ నెలకు ఎన్ని సార్లు తింటాం?"

"ఒకసారి. ఒక్కోనెల రెండు."

"అది మన పైరకం. అడిగింది నడిమిది."

"పైరకం పెడితే అల్లా వద్దంటాడా?"

"పైరకం పెట్టడం సులువు. ఒక రోజు గొప్పగా పెట్టి, మనం రోజూ తినేదాని దగ్గర వాళ్ళను కూర్చోనివ్వకపోవడం ఇంకా సులువు. నేను చెప్పిన పని చేస్తాను."

ఆ విధంగా తూకం మొదలైంది. పాత స్టీలు త్రాసు పనికిరాకపోతే వంటింటి బల్లమీద పెట్టుకునే చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు కొన్నాను. నేను, మా ఆవిడ, కొడుకు, కోడలు: నాలుగు కంచాలు, రెండు పూటలు, రోజుకు ఎనిమిది తూకాలు. అన్నం వేరు, కూర వేరు. మొదటి వారం అన్నం కంచానికి సగటున రెండువందల డెబ్బై గ్రాములు. వారంలో రెండు రోజులు చేప, ఒక రోజు మాంసం, ఒక రోజు గుడ్డు, మూడు రోజులు పప్పూ కూరగాయలూ. రసం దాదాపు రోజూ. కోడలు తన కంచాన్ని త్రాసుమీద పెట్టేముందు ఒక గరిటె తీసేస్తోందని నాలుగో రోజు గమనించాను. "మామా, అందరి ముందర రాస్తారని సిగ్గు," అంది. ఆ నాలుగు రోజుల అంకెలను కొట్టేసి, ఆమె కంచాన్ని ఆమెనే తూచి చెప్పమన్నాను. అంకెలు నలభై గ్రాములు పెరిగాయి. తూచే మనిషి ఎదుట నిలబడితే తూకం మారుతుందని మా విభాగంలో చేరిన మొదటి ఏడాదే నేర్చుకున్నాను. నేర్చుకొని మరిచిపోయానని ఆ రోజు తెలిసింది.

ఇరవై రెండో రోజు మధ్యాహ్నం మా ఆవిడ రసం గిన్నెను త్రాసుమీదికి నెట్టి, నడుంమీద చెయ్యి పెట్టుకొని నిలబడింది.

"ఒకటి అడగతా, కోపం జేసుకోకూడదు."

"అడుగు."

"అన్నానికి నడుమ తెలిసేదానికి ముప్పై దినాలు తూస్తా ఉండారే. ఒక దినం తూస్తే ఏం?"

"ఒక రోజు పండుగ కావచ్చు. ఒక రోజు పస్తు కావచ్చు. ఒక రోజును పట్టుకొని సగటు అంటే అది దొంగ లెక్క."

"మరి మీ చెల్లికి ఎన్ని నెలలు అడిగితిరి?"

ఆమె రసం గిన్నె తీసుకొని వెళ్ళిపోయింది. ఆ పూట రసం తూకం నా పుస్తకంలో ఖాళీగా ఉంది. ముప్పై రోజుల్లో ఖాళీ గడి అదొక్కటే.

మరునాడు పొద్దున బీరువా పైఅరలోంచి పదహారేళ్ళ కిందటి డైరీ దించాను. ఫిబ్రవరి తొమ్మిది. నా చేతిరాతే. గడచిన ముప్పై రోజుల్లో ఇరవై ఆరు పరుపులు. ఇంటూ పన్నెండు, మూడువందల పన్నెండు. హెచ్చవేతలో తప్పు లేదు. పదహారేళ్ళూ ఆ హెచ్చవేతను తలచుకొనే నేను నిబ్బరంగా ఉన్నాను.

ఆ ముప్పై రోజులు ఏవి? జనవరి పది నుంచి ఫిబ్రవరి ఎనిమిది వరకు. బాహూరు వైపు కోతలు అయ్యే కాలం. తమిళుల తై నెల పుట్టి పెళ్ళిళ్ళు మొదలయ్యే కాలం. పెళ్ళికూతురి వెంట రెండు పరుపులు, నాలుగు దిండ్లు పంపని ఇల్లు ఈ ప్రాంతంలో అరుదు. ఏడాది మొత్తంలో దూదేకులవాడికి చేతినిండా పని ఉండే నెల అదొక్కటే. ఆషాఢంలాంటి ఆడి నెలలో పెళ్ళిళ్ళు ఉండవు, ధనుర్మాసమైన మార్గళిలో ఉండవు. అక్టోబరునుంచి మూడు నెలలు వాన. తడిసిన గాలిలో దూది ఏకితే ఉండలు కడుతుంది. ఆ ఉండల పరుపును ఎవరూ కొనరు. ఇవన్నీ నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. నేను పరుపుల ఇంట్లో పుట్టాను. వాన నెలల్లో మా అమ్మ జొన్న సంకటి ఎంత పలచగా చేసేదో నాకు తెలుసు. ఊరూ పేరూ తెలియని ఉద్యోగి ఎవరైనా ఆ గుమ్మంలో నిలబడి ఉంటే ఆ తప్పుకు క్షమ ఉండేది. అక్కడ నిలబడింది నేను.

అయినా ఊహమీద నన్ను నేను దోషిగా నిర్ణయించుకోదలచలేదు. రోజూ వాన పడిందా లేదా అని రాసుకునే అలవాటు నాకు ఉద్యోగంలో చేరిన నాటినుంచి ఉంది. ఆ ఏడాది డైరీలో వాన రోజులు లెక్కపెట్టాను. పెళ్ళిళ్ళు లేని నెలలు తీసేశాను. మామూలు నెలల్లో మా నాయన ఎన్ని కుట్టేవాడో దానిని ఆధారం చేసుకున్నాను. ఎటు వేసినా నూట అరవై పరుపులు దాటలేదు. నేను రాసినదానిలో ఇంచుమించు సగం. గీతకు చాలా కింద. మా చెల్లెలు అబద్ధం చెప్పలేదు. అబద్ధం చెప్పిందని పదహారేళ్ళు ఒక వీధి మొత్తం నమ్మడానికి నా అంకె ఒక్కటే కారణం.

మళ్ళీ హజ్రత్ దగ్గరికి వెళ్ళి డైరీ తెరిచి చూపించాను. ఆయనకు తెలుగు రాదు, అంకెలు చూశాడు.

"దీనికి ఎంతమందికి పెట్టాలి?" అని అడిగాను.

"దీనికి సంఖ్య లేదు. ఆన మీకూ అల్లాకూ మధ్య. ఇది మీకూ ఆమెకూ మధ్య. వందమందికి పెట్టినా ఆమె హక్కు తీరదు. పోయిన ఆమె పరువును తిరిగి ఇవ్వాలి, మాఫీ ఆమెనే అడగాలి."

సంఖ్య లేని పనిని నేను జీవితంలో ఇష్టపడలేదు. డైరీ మూసి చంకలో పెట్టుకొని ఇంటికి వచ్చాను.

జనవరి మూడో తేదీన తూకం ముగిసింది. మా ఇంటి నడిమి అన్నం ఇదీ: మూడువందల పది గ్రాముల అన్నం, రసం, ఒక కూర, నూరు గ్రాముల చేపల పులుసు, మజ్జిగ. ఇక పది మంది కావాలి. ఎర్ర కార్డు చూసి పిలుద్దామని మొదట అనుకున్నాను. కార్డు రంగు ఎలా తేలుతుందో తెలిసినవాడిని కనుక ఆ ఆలోచన మానుకున్నాను. మా వీధి చివర, మసీదు దగ్గర, మార్కెట్టు వెనక తిరిగి, ఏడాదిలో పొయ్యి వెలగని రోజులు ఎన్ని అని ఒక్కొక్కరినీ అడిగాను. తొమ్మిది మంది కుదిరారు.

"పదో మనిషి కోసం తిరిగేదెందుకు నాయనా? అత్త ఉంది గదా," అన్నాడు నా కొడుకు. "నీ కొత్త లెక్క ప్రకారం ఆమె పేదదే. చెల్లెలికి కఫ్ఫారా అన్నం పెట్టొచ్చునని హజ్రత్ కూడా అన్నాడు."

ధర్మం ఒప్పుకుంటుంది. నేను ఒప్పుకోలేదు. ఒకసారి ఆమెను పేద కాదని రాశాను. ఇప్పుడు నా ఆన తీరడానికి పేద అని రాయాలా? నా అవసరాన్నిబట్టి గీతకు ఇటూ అటూ జరపడానికి ఆమె పరుపులో దూది కాదు. నా కొడుకుతో ఇదే మాట చెప్పి, ఎండలో ఇంకొక గంట తిరిగి పదో మనిషిని తెచ్చాను.

జనవరి అయిదో తేదీ ఆదివారం. మా ముందు గదిలో, మేము తినే స్టీలు కంచాల్లోనే, వాళ్ళతోపాటు మేమూ కూర్చున్నాం. నాకంటే పెద్దవాడు ఒకాయన కంచంలోకి తొంగి చూశాడు.

"బిర్యానీ అని జెప్పె నీ కొడుకు."

"మా ఇంట్లో సగటున తినేది ఇదండీ. అదే పెట్టాలని నియమం."

ఆయన రెండు ముద్దలు తిన్నాడు. "మీ సగటులో ఉప్పు లేదే సారూ."

"ఆయనకు బీపీ అన్నా. ఇంటికంతా అదే ఉప్పు," అంది మా ఆవిడ.

"ఆయనకు బీపీ అయితే నాకెందుకమ్మా ఈ శిక్ష? ఆన తప్పింది ఆయనే గదా."

కోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకొంది. నేను ఉప్పు గిన్నె తెచ్చి మధ్యలో ఉంచాను. ఆ ఒక్క విషయంలో సగటును సడలించానని పుస్తకంలో రాసుకున్నాను. సాయంత్రం కూడా అదే పది మంది వచ్చారు. రాత్రి నమాజుకు ముందే ఆన బాకీ తీరింది.

రెండో బాకీకి శుక్రవారం దాకా ఆగాను. పదో తేదీన అరియాంకుప్పంలో చెల్లెలి వీధి మసీదుకు జుమ్మా నమాజుకు వెళ్ళాను. జాబితాలో పేరు కొట్టేసిన కమిటీ పెద్ద ఇప్పటికీ ఆయనే, నా వయసువాడు. నమాజు అయ్యాక ఒక ప్రకటన చేయాలని నేనంటే, చందా ప్రకటిస్తాననుకొని సంతోషంగా మైకు ఇచ్చాడు. తమిళంలో రాసుకొని తెచ్చిన కాగితం చదివాను. ఏ తేదీన నేను ఏమి అడిగానో, ఆమె ఏమి చెప్పిందో, అందులో నేను ఏది రాశానో, ఏది వదిలేశానో చదివాను. ఇరవై ఆరు, పన్నెండు, మూడువందల పన్నెండు, నూట అరవై. వెనక వరసలో కుర్రవాళ్ళు, "దూది బాయ్ లెక్కలు చెప్తున్నాడు," అని నవ్వారు. వాళ్ళు నవ్వడం ఆపేదాకా ఆగి, ఆగిన చోటినుంచి మళ్ళీ చదివాను.

పెద్ద నా మోచెయ్యి పట్టుకున్నాడు. "అయిపోయిన కథ బాయ్. పది మందికి పెట్టినావంట గదా, అల్లా ఒప్పుకుంటాడు. ఇంకేంది?"

"పది మందికి పెట్టింది నా ఆనకు. నా చెల్లెలు అబద్ధం చెప్పిందని మీ జాబితాలో ఉంది. అది పది మంది తింటే చెరిగేది కాదు. ఈ కాగితాన్ని మీ పుస్తకంలో అంటించండి."

"పాత పుస్తకాలు యాడుండాయో ఏమో."

"వెతకండి. నేను కూర్చుంటాను."

గంటా పది నిమిషాలు కూర్చున్నాను. పుస్తకం దొరికింది. కాగితం అంటించాక, పక్కన తేదీ వేయించి లేచాను.

మసీదు నుంచి చెల్లెలి ఇల్లు మూడు వీధులు. ఎండ కాస్తోంది, మిషను తిరుగుతోంది. మసీదు మినారుమీది లౌడ్‌స్పీకరులో ఆమె అంతా విన్నదట. నన్ను చూసి మిషను ఆపింది. ముక్కుకు కట్టుకున్న గుడ్డ విప్పలేదు.

"మాఫీ అడగడానికి వచ్చాను," అన్నాను.

"మాఫీ సంగతి తరవాత. తప్పు జెప్పినావు మైకులో."

"ఏది తప్పు?"

"ఇరవై ఆరు కాదు. ఇరవై నాలుగే. రెండు పాత పరుపులు, తిరగ ఏకి ఇచ్చినవి. వాటికి సగం కూలే. ఆ పొద్దే జెప్పినా నీకు. పరుపు పరుపే గదా అని కలిపి రాసుకుంటివి."

నా డైరీలో అలాంటిది ఏమీ లేదు. ఆధారం లేదు, రసీదు లేదు, సాక్షి లేడు. ఉన్నది ఆమె మాట ఒక్కటే. ముప్పై మూడేళ్ళ ఉద్యోగంలో ఒంటి మాటమీద నేను అంకె దిద్దలేదు. సంచిలోంచి డైరీ, జేబులోంచి కలం తీసి, ఇరవై ఆరు కొట్టేసి ఇరవై నాలుగు వేశాను. ఆధారం అన్నచోట "చెల్లెలు చెప్పింది" అని రాశాను. ఏ పరీక్షాధికారి అయినా ఆక్షేపిస్తే నా దగ్గరికే రావచ్చు.

"వచ్చే జుమ్మాకు మళ్ళా లేచి జెప్తావా?" అని అడిగింది.

"చెప్తా."

"రెండు పరుపులకా అని నవ్వుతారు."

"నవ్వనీ."

పదిహేడో తేదీ శుక్రవారం నమాజు అయ్యాక లేచి నిలబడ్డాను. పెద్ద ముందే జాగ్రత్తపడి మైకు తీగ పీకించాడు. నాకు అది అక్కరలేదు. ఆడవాళ్ళు లోపలికి రాని ఆ మసీదు గేటు బయట, ఎండలో, మా చెల్లెలు నిలబడి ఉంది. జుట్టులో ఇంకా దూది పీచు ఉంది. పోయిన వారం చెప్పిన అంకె తప్పని, అది నా తప్పేనని, సరైన అంకె ఇరవై నాలుగని చెప్పాను. ఆమె చెవి దగ్గర చెయ్యి పెట్టి, వినపడలేదన్నట్టు తల ఊపింది. ఇంకా గట్టిగా చెప్పాను.